స్కూబా కోర్సులో మాస్క్ నీళ్లు, బాయన్సీ: తప్పు ఎక్కడ జరుగుతోంది, ఎలా దిద్దుకోవాలి

మీరు చెప్పిన ఇబ్బంది ఇదీ: ఓపెన్ వాటర్ అనే తొలి స్కూబా కోర్సులో పూల్ సెషన్ ఒకటి అయింది. మాస్క్ నిండా నీళ్లు నింపి ఖాళీ చేయమంటే రెండుసార్లూ ముక్కులోకి నీళ్లు పోయి పైకి లేచిపోయారు. నోట్లో పెట్టుకుని ట్యాంక్ గాలి పీల్చే రెగ్యులేటర్‌ను తీసి పెట్టుకోవడం ఫరవాలేదు. బాయన్సీ, అంటే తేలే బలాన్ని అదుపు చేసుకుని నీళ్ల మధ్యలో కదలకుండా ఉండమంటే మాత్రం ఒకసారి అడుక్కి, ఒకసారి పైకి పోతున్నారు. సముద్రంలో డైవ్‌లకు ఇంకో నాలుగు రోజులుంది. ఈ విద్య మీకు అబ్బుతుందా అని అడిగారు.

అబ్బుతుంది. ఇవి రెండు వేరు సమస్యల్లా కనిపిస్తున్నాయి గానీ మూలం ఒకటే: ఊపిరి వదలడం సరిగా జరగట్లేదు. కొత్తవాళ్ల బెంగంతా గాలి పీల్చడం గురించే. పీల్చడానికి రెగ్యులేటర్ ఉంది, దాని పని అది చేస్తుంది. వదలడం మాత్రం మీ చేతిలో పని. మాస్క్ ఖాళీ చేసేది వదిలే గాలి, రెగ్యులేటర్‌లో నీళ్లు తోసేది వదిలే గాలి, కిందికి దిగనిచ్చేది వదిలే గాలి, అత్యవసరంగా పైకి వస్తున్నప్పుడు ఊపిరితిత్తులను కాపాడేదీ వదిలే గాలే.

ముందు మాస్క్ సంగతి. నీళ్లు ముక్కుపుటాలకు తగలగానే గొంతు బిగుసుకోవడం, గబుక్కున గాలి లాగబోవడం శరీరం తనంతట తాను చేసే పని. పిరికితనంతో దానికి సంబంధం లేదు. పుట్టినప్పటి నుంచీ ముక్కుతో పీల్చే అలవాటును ఒక్క పూల్ సెషన్‌లో మాన్పించడం కష్టం. అందుకే ఈ ముక్క పూల్ బయటే నేర్చుకోవాలి. వెడల్పాటి గిన్నె నిండా నీళ్లు పట్టి, స్నోర్కెల్ (పైగాలి పీల్చే గొట్టం) నోట్లో పెట్టుకుని, మాస్క్ లేకుండా ముఖం ముంచండి. నోటితో పీల్చి నోటితోనే వదలండి. ముక్కును చేత్తో మూయొద్దు, అదే అసలు పరీక్ష. మొదట్లో నాలుగైదు గుక్కలకే తల ఎత్తేస్తారు, ఫరవాలేదు. రెండు నిమిషాలు ఆగకుండా సాగాక, నోటితో పీల్చి ముక్కుతో బుడగలు వదలండి. ఆ తర్వాత ఒక గుక్క ముక్కుతో, తర్వాతి గుక్క నోటితో, మార్చి మార్చి వదలండి. ఈ మూడోది తేలిగ్గా వచ్చిందంటే మాస్క్ క్లియరింగ్ సగం వచ్చేసినట్టే. రోజుకు పది నిమిషాల చొప్పున ఈ నాలుగు రోజులూ చేయండి, పక్కన ఒక మనిషిని ఉంచుకుని.

ఇక నీళ్లలో. మామూలు మాస్క్‌లో పట్టే నీళ్లు సుమారు పావు లీటరు. పెద్దవాళ్ల ఊపిరితిత్తుల్లో పట్టే గాలి నాలుగు నుంచి ఆరు లీటర్లు. అంటే ఒక్క గుక్కతో మాస్క్‌ను చాలాసార్లు ఖాళీ చేయొచ్చు. చాలనిది గాలి కాదు, అది బయటికొచ్చే తీరు తప్పుతోంది. మాస్క్‌లోకి వదిలిన గాలి పైభాగాన చేరి నీళ్లను కిందికి తోస్తుంది, కింది అంచు దగ్గర నీళ్లు బయటికి పోతాయి. కాబట్టి పై అంచు బిగుతుగా ఉండాలి, కింది అంచు కాస్త వదులుగా ఉండాలి. నుదుటి దగ్గర ఫ్రేమ్‌ను రెండు చేతుల వేళ్లతో మెత్తగా అదిమి పట్టుకోండి. నోటితో నిండుగా పీల్చండి. ముక్కుతో వదలడం మొదలుపెట్టండి. మొదలుపెట్టిన తర్వాతే తల నెమ్మదిగా పైకెత్తండి.

వరుస తప్పేది ఇక్కడే. చాలామంది ముందు తల పైకెత్తి, తర్వాత ఊదడం మొదలుపెడతారు. తల ఎత్తగానే మాస్క్‌లోని నీళ్లు నేరుగా ముక్కుపుటాల్లోకి జారతాయి. మీరు రెండుసార్లూ పైకి లేచిపోవడానికి బహుశా ఇదే కారణం. ముక్కు నుంచి గాలి బయటికి వస్తున్నంతసేపూ నీళ్లు లోపలికి రాలేవు. రెండో తప్పు, చీదినట్టు ఒక్క ఊపున ఊదడం. అలా ఊదితే గాలి పక్క అంచుల నుంచి తప్పించుకుపోతుంది, నీళ్లు అక్కడే ఉంటాయి. నోరు మూసుకుని పాట కూనిరాగం తీస్తున్నట్టు నాలుగైదు సెకన్లు సన్నగా, ఆగకుండా వదలండి. మూడోది, మాస్క్ మొత్తాన్ని ముఖానికేసి నొక్కేయడం. కింది అంచు కూడా మూసుకుపోతే నీళ్లకు దారేదీ? ఒక్క గుక్కలో అయిపోవాలన్న పంతం కూడా వద్దు. సగం ఖాళీ అయ్యాక ఆగి, నోటితో పీల్చి, మళ్లీ వదలండి. మూడు గుక్కల్లో చేసినా స్కిల్ అయినట్టే లెక్క.

మాస్క్ పూర్తిగా తీసి పెట్టుకునేటప్పుడు కళ్లు మూసుకోవచ్చు, కాంటాక్ట్ లెన్సులు ఉంటే మూసుకునే తీరాలి. తీసిన వెంటనే తిరిగి పెట్టుకునే తొందర వద్దు. అయిదారు గుక్కలు అలాగే నోటితో పీల్చి వదలండి. తర్వాత వేలితో ముక్కు గూడు ఎటుందో తడిమి చూసుకుని, తలకిందులుగా లేదని తేల్చుకుని, నుదుటి మీది వెంట్రుకలు ఒక చేత్తో వెనక్కి తోసి, అప్పుడు ముఖానికి ఆనించండి. పట్టీ వేసుకునేది ఆ తర్వాతే. అంచు కింద ఒక్క వెంట్రుక పాయ ఇరుక్కున్నా మీరు ఎంత ఊదినా నీళ్లు కారుతూనే ఉంటాయి. మీసం ఉన్నవాళ్లకు ఈ తలనొప్పి ఎక్కువ. ముక్కు కింద కాస్త కత్తిరించుకుంటే అంచు చర్మానికి అంటుతుంది. పట్టీ మరీ బిగిస్తే లీకేజీ తగ్గదు, అంచు ముడతపడి ఇంకా పెరుగుతుంది.

రెగ్యులేటర్ ఫరవాలేదన్నారు గనుక రెండు మాటలతో సరిపెడతాను. నోట్లోంచి తీసినంతసేపూ ‘ఆ’ అని సన్నగా బుడగలు వదులుతూ ఉండాలి. పూల్‌లో లోతు మారట్లేదు కదా అని ఊపిరి బిగబట్టే అలవాటు చేసుకుంటే సముద్రంలో అదే ప్రమాదం తెస్తుంది. నిండు ఊపిరి బిగబట్టి ఒకటి రెండు మీటర్లు పైకి లేచినా ఊపిరితిత్తులు చిట్లే అవకాశం ఉంది. తిరిగి పెట్టుకునేటప్పుడు మౌత్‌పీస్ కింది వైపుకు చూసేలా పట్టుకుంటే గాలి వృథాగా పొంగిపోదు. పెట్టుకున్నాక ఊదడానికి ఊపిరి మిగల్లేదనుకోండి, నాలుకతో మౌత్‌పీస్ రంధ్రాన్ని అడ్డుకుని, రెగ్యులేటర్ ముందున్న పర్జ్ బటన్ (ట్యాంక్ గాలితో నీళ్లు తోసేది) నొక్కండి. నాలుక అడ్డు లేకపోతే ఆ గాలి లోపలున్న నీళ్లను నేరుగా గొంతులోకి కొట్టి పొలమారుతుంది. మొదటి గుక్క ఎప్పుడూ అనుమానంగా, మెల్లగా పీల్చండి. ఊదినా నీళ్లు గరగరలాడుతుంటే రెగ్యులేటర్ తలకిందులుగా ఉందేమో చూసుకోండి. గాలి బయటికిపోయే కవాటం కింది వైపున ఉంటేనే నీళ్లు పూర్తిగా పోతాయి. చేజారిన రెగ్యులేటర్ కోసం కుడి భుజాన్ని కిందికి వంచి, కుడి చేతిని తొడ పక్క నుంచి ట్యాంక్ దాకా వెనక్కి తీసుకెళ్లి, పెద్ద వృత్తం గీసినట్టు ముందుకు తిప్పండి, గొట్టం మోచేతి మడతలో పడుతుంది. దొరక్కపోతే వెతుకుతూ కూర్చోవద్దు, ఆక్టోపస్ (అదనపు రెగ్యులేటర్) నోట్లో పెట్టుకుని తీరిగ్గా వెతకండి.

బాయన్సీ దగ్గరికి వద్దాం. నిలకడ కుదరనివాళ్లలో చాలామంది నడుముకు కట్టే సీసపు బరువు ఉండాల్సిన దానికంటే ఎక్కువగా ఉంటుంది. ఎందుకు పెరుగుతుందో చూడండి. కొత్త మనిషి కంగారులో ఊపిరితిత్తుల నిండా గాలి ఉంచుకుని, తెలియకుండానే కాళ్లు ఆడిస్తూ దిగబోతాడు. నిలువుగా ఉండి ఫిన్స్ (కాళ్లకు తొడిగే రెక్కలు) ఆడిస్తే మనిషి పైకే పోతాడు. దిగట్లేదని ఇన్‌స్ట్రక్టర్ ఇంకో రెండు కిలోలు కడతారు. సమయం ఆదా అవుతుంది, నిజమే. కానీ ఆ రెండు కిలోలు తర్వాత డైవ్ అంతా ఏం చేస్తాయో లెక్క చూద్దాం.

పది మీటర్ల లోతులో పీడనం 2 బార్లు, అయిదు మీటర్ల దగ్గర 1.5 బార్లు. బరువు సరిగ్గా ఉన్న మనిషి బీసీడీలో (గాలి నింపి, తీసి తేలడాన్ని సర్దుకునే జాకెట్‌లో) పది మీటర్ల దగ్గర ఒక లీటరు గాలి ఉందనుకోండి. లీటరు గాలి సుమారు కిలో బరువును తేలుస్తుంది. అయిదు మీటర్లకు వస్తే అది 1.33 లీటర్లవుతుంది. అంటే మూడో వంతు కిలో మేర పైకి తోసే బలం పెరిగింది, ఒక నిండు నిశ్వాసతో సర్దుకోవచ్చు. మూడు కిలోలు ఎక్కువ కట్టుకున్న మనిషి అదే లోతులో తేలాలంటే నాలుగు లీటర్లు నింపుకోవాలి. అయిదు మీటర్లకు రాగానే అది 5.33 లీటర్లు. ఇప్పుడు 1.33 కిలోల బలం పైకి లాగుతోంది, పైకి పోయేకొద్దీ ఇంకా వ్యాకోచిస్తుంది. గాలి వదిలితే రాయిలా కిందికి. మీరు చెప్పిన అడుక్కీ పైకీ ఆట ఇదే. ఇదే నాలుగు లీటర్లు ముప్పై మీటర్ల నుంచి ఇరవై అయిదుకు వస్తే 4.57 మాత్రమే అవుతుంది. ఘనపరిమాణం విపరీతంగా మారేది మొదటి పది మీటర్లలోనే. కాబట్టి పూల్‌లో నిలబడలేకపోయామని దిగులుపడాల్సిన పనిలేదు. నిలకడకు అన్నిటికంటే కష్టమైన చోటే మీరు పాఠం మొదలుపెట్టారు.

బరువు ఎంతో తేల్చుకునే పద్ధతి: నిలబడితే కాళ్లందని చోట బీసీడీలో గాలి మొత్తం తీసేసి, నిలువుగా, కదలకుండా, మామూలు గుక్క పీల్చి ఒక్క క్షణం ఆపండి. నీటి మట్టం కళ్ల దగ్గర ఉండాలి. వదిలితే మెల్లగా మునగాలి. చీలమండలు ఒకదాని మీద ఒకటి వేసుకుంటే కాళ్లు ఆడిస్తున్నారో లేదో మీకే తెలుస్తుంది. గుక్క పట్టి ఉన్నా మునిగిపోతుంటే కిలో తీయించండి. ఊపిరి పూర్తిగా వదిలినా తల తేలుతుంటే కిలో పెట్టించండి. ఒక్కో కిలో చొప్పునే మార్చాలి.

ఇందులో రెండు సవరణలున్నాయి. గాలికీ బరువుంది. పన్నెండు లీటర్ల ట్యాంక్‌లో 200 బార్ల గాలి అంటే 2400 లీటర్లు, సుమారు 2.9 కిలోలు. 50 బార్లకు వచ్చేసరికి 2.2 కిలోల దాకా వాడేసి ఉంటారు. కాబట్టి నిండు ట్యాంక్‌తో పరీక్ష చేస్తే రెండు కిలోలు అదనంగా ఉంచుకోవాలి. లేకపోతే డైవ్ చివర అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాల సేఫ్టీ స్టాప్‌లో ఆగలేరు, పైకి కొట్టుకుపోతారు. రెండోది ఉప్పునీరు. మీరూ మీ సామానూ కలిసి వంద లీటర్ల నీటిని పక్కకు తోస్తే, పూల్ కంటే సముద్రంలో దాదాపు 2.5 కిలోలు ఎక్కువ కావాలి. వెట్‌సూట్ (ఒంటికి వెచ్చగా ఉండే డైవింగ్ దుస్తులు) మందం మారితే లెక్క మళ్లీ మొదటికి. పూల్‌లో తేలిన అంకెను సముద్రంలో అలాగే కట్టుకోవద్దని చెప్పేది ఇందుకే.

బరువు కుదిరాక నిలకడ ఊపిరి పని. అడుగున బోర్లా పడుకుని, ఫిన్ల కొసలు నేలకు ఆనించి, బీసీడీలో గాలి నింపే ఇన్‌ఫ్లేటర్ బటన్‌ను టక్కున తాకి వదిలేయండి. నొక్కి పట్టుకోవద్దు. రెండు గుక్కలు ఆగి చూడండి. పీల్చినప్పుడు ఛాతీ మెల్లగా లేచి, వదిలినప్పుడు దిగితే సరిపోయింది. ఇక్కడ అందరూ బోల్తా పడే సంగతి ఒకటుంది: గాలి పీల్చిన వెంటనే మనిషి లేవడు, రెండు మూడు సెకన్లు పడుతుంది. ఆ ఆలస్యం తెలియక, లేవట్లేదని బటన్ ఇంకోసారి నొక్కుతారు. అప్పటికి మొదటి గాలి పని మొదలుపెడుతుంది, రెండోది దానికి తోడవుతుంది, మనిషి పైకి పోతాడు. భయంతో గాలి మొత్తం వదిలేస్తాడు, అడుక్కి పోతాడు. కాబట్టి పైకి లేవడం కంటికి కనిపించకముందే వదలడం మొదలుపెట్టాలి, దిగడం తెలియకముందే పీల్చడం మొదలుపెట్టాలి. నాలుగు సెకన్లు పీల్చి ఆరు సెకన్లు వదిలే లయతో మొదలుపెట్టండి. ఊపిరి మాత్రం ఎక్కడా బిగబట్టొద్దు. చూపు దూరంగా కనిపించే పలక గీత మీదో గోడ మీదో ఉంచండి. ప్రెషర్ గేజ్ చూస్తూ నిలకడ సాధించడం ఎవరి వల్లా కాదు.

గాలి తీసేటప్పుడు ఇంకో పొరపాటు జరుగుతుంది. గాలి వదిలే బటన్ నొక్కినా గాలి పోవట్లేదంటే, గొట్టం మీ భుజం కంటే కింద ఉందన్నమాట. గాలి బీసీడీలో ఎత్తయిన చోట చేరుతుంది. ఎడమ చేత్తో గొట్టాన్ని తల కంటే పైకెత్తి, ఒళ్లు నిలువుగా చేసి నొక్కాలి.

పూల్‌లో మోకాళ్ల మీద కూర్చోబెట్టి స్కిల్స్ నేర్పే పద్ధతి ఇంకా చాలాచోట్ల ఉంది. ఇన్‌స్ట్రక్టర్‌కు అదుపు సులువు గనుక అలా చేస్తారు. నా దృష్టిలో మొదటిసారికి అది తప్పేమీ కాదు, రెండోసారికి మాత్రం అలవాటు చెడగొడుతుంది. మోకాళ్ల మీద నిలవాలంటే బరువు ఎక్కువ కావాలి, సముద్రం అడుగున మోకాళ్లూనడానికి ఇసుక అన్నిచోట్లా ఉండదు. మాస్క్ క్లియరింగ్ ఒకసారి కుదిరాక, నేలకు కాస్త పైన తేలుతూ అదే పని చేయిస్తారా అని అడగండి. మాస్క్‌లోకి ఊదేటప్పుడు మీరు కొద్దిగా దిగుతారు, పీల్చగానే లేస్తారు. ఆ కదలిక తెలియడమే పాఠం.

చెవుల గురించి మీరు అడగలేదు, కానీ ఓపెన్ వాటర్ మొదటి డైవ్‌లో చాలామంది ఆగిపోయేది అక్కడే. ముక్కు మూసి మెల్లగా ఊది చెవులు సర్దుకోవడం నీటి మీద ఉన్నప్పుడే ఒకసారి చేయండి. తర్వాత మొదటి అయిదారు మీటర్లూ ప్రతి అర మీటరుకు, నొప్పి రాకముందే చేయాలి. నొప్పి వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైంది, ఇంకా గట్టిగా ఊదితే చెవి లోపలి భాగం దెబ్బతింటుంది. ఒక మీటరు పైకి వచ్చి, ముక్కు మూసి మింగుతూ మళ్లీ ప్రయత్నించండి. కాళ్లు కిందికి పెట్టి, తాడు పట్టుకుని దిగితే చెవులు తేలిగ్గా తెరుచుకుంటాయి. దిగుతున్నప్పుడు మాస్క్ ముఖాన్ని పీల్చేస్తున్నట్టుంటే ముక్కుతో కాస్త గాలి మాస్క్‌లోకి వదలండి. జలుబు ఉన్న రోజు డైవ్ మానేయండి. ముక్కు తెరిచే మందు వేసుకుని దిగితే, నీళ్లలో ఉండగా దాని ప్రభావం తగ్గిపోయి, పైకి వచ్చేటప్పుడు గాలి చెవిలో చిక్కుకుంటుంది. దిగకుండా ఉండొచ్చు గానీ పైకి రాకుండా ఉండలేం కదా.

ట్యాంక్ అమర్చేటప్పుడు ఒక్క పని మాత్రం ఎవరు చెప్పినా చెప్పకపోయినా చేయండి. వాల్వ్ తెరిచాక గేజ్ ముల్లును చూస్తూ రెగ్యులేటర్‌తో మూడు నాలుగు గట్టి గుక్కలు పీల్చండి. ముల్లు కదలకుండా ఉండాలి. గుక్క గుక్కకూ పడి లేస్తుంటే వాల్వ్ కొంచెమే తెరిచి ఉంది. ఒడ్డున గాలి వస్తుంది, లోతులో చాలదు. పీడనంతో పాటు ఒక్కో గుక్కకు పట్టే గాలి పెరుగుతుంది గనుక ఈ తేడా అక్కడే బయటపడుతుంది.

గాలి పంచుకునే స్కిల్‌లో అందరూ పైకి రావడం దాకా బాగా చేస్తారు. పైకి వచ్చాక, గాలి అయిపోయిన మనిషి బీసీడీలోకి బటన్‌తో కాదు, నోటితో ఊదుకోవాలన్నది మర్చిపోతారు. ట్యాంక్ ఖాళీ అయితే ఇన్‌ఫ్లేటర్ బటన్ నొక్కినా ఏమీ రాదు. నోటితో ఊదేటప్పుడు గాలి వదిలే బటన్ నొక్కి పట్టి ఊది, ఆ బటన్ వదిలేసి పీల్చాలి, లేకపోతే ఊదిందంతా వెనక్కి వస్తుంది. ఇదే పని నీళ్ల కింద చేసేటప్పుడు ఊపిరి మొత్తం ఊదేయకుండా, రెగ్యులేటర్ క్లియర్ చేసుకోవడానికి కొంత మిగుల్చుకోండి.

గాలి అయిపోతే ‘ఆ’ అంటూ ఒక్క ఊపిరితో పైకి వచ్చే అభ్యాసం ఆరు నుంచి తొమ్మిది మీటర్ల లోతు నుంచి చేయిస్తారు. రెగ్యులేటర్ నోట్లోనే ఉంచాలి. ఊపిరి చాలదేమోనన్న భయంతో మొదట్లోనే గట్టిగా వదిలేస్తే మధ్యలో ఆగిపోతుంది. పైకి వచ్చేకొద్దీ లోపలి గాలి వ్యాకోచిస్తుంది కాబట్టి సన్నగా వదిలితే చివరిదాకా వస్తుంది. తొమ్మిది మీటర్లకు కనీసం అర నిమిషం పట్టాలి. దీన్ని ఇన్‌స్ట్రక్టర్ లేకుండా సరదాకు ఎప్పుడూ చేయొద్దు.

రేపు పూల్‌కు వెళ్లగానే ఇన్‌స్ట్రక్టర్‌తో రెండు విషయాలు మాట్లాడండి. ఒకటి, బరువు పరీక్ష మళ్లీ చేయమనండి. రెండోది, మాస్క్‌ను నిలబడితే తల బయటికొచ్చే లోతులో, మొదట పావు వంతు నీళ్లతో, తర్వాత సగం, తర్వాత నిండుగా చేస్తానని చెప్పండి. నీళ్లు ముక్కుకు తగిలి కంగారు పుడితే ఏ సైగ చేస్తారో కూడా ముందే అనుకోండి. ఇన్‌స్ట్రక్టర్ మీ బీసీడీ పట్టుకుని ఆపడం దౌర్జన్యం కాదు, లోతులో ఉన్నప్పుడు ఒక్కసారిగా పైకి దూసుకుపోకుండా కాపాడటమే. ఊపిరి అందనట్టనిపిస్తే చేస్తున్నది ఆపి, ఒక గుక్కను పూర్తిగా, చివరిదాకా వదిలేయండి. పైపైన గబగబా పీలిస్తే కార్బన్ డయాక్సైడ్ లోపలే పేరుకుపోయి గాలి చాలట్లేదన్న భావన కలుగుతుంది, ట్యాంక్ నిండా గాలి ఉన్నా సరే. మూడు గుక్కలు అలా వదిలినా తగ్గకపోతే బొటనవేలు పైకి చూపించండి. నీళ్లలో ఆ సైగకు అర్థం ‘బాగుంది’ అని కాదు, ‘పైకి పోదాం’ అని. కారణం చెప్పాల్సిన పనిలేదు. మాస్క్ స్కిల్ నాలుగో రోజుకు కుదరకపోతే సముద్రం డైవ్‌ను వాయిదా వేయించి ఇంకో పూల్ సెషన్ అడగండి.